చుట్టాలకిచ్చే నీళ్లు

మాది అనంతపురం. మా వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చిందంటే, జరుగుతున్న పెళ్లి కూడా కాసేపు ఆగుతుంది. అలాంటి ఊరివాణ్ణి పట్టుకుని, కృష్ణా డెల్టాలో తాగునీటిని కాపాడుకోవడం గురించి పుస్తకం రాయమని అడిగితే నవ్వొచ్చింది. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే నేను అనువాదాలు చేసుకుని బతికేవాణ్ణి.

ఒక విశ్వవిద్యాలయం, ఒక కంపెనీ కలిసి తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఊళ్లలో మంచినీటి చెరువుల్ని కాపాడతామని ఒప్పందం చేసుకున్నాయి. ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. ఆ నీళ్లు తాగేవాళ్లకు అర్థం కావాలి కాబట్టి దాన్ని తెలుగులో చిన్న పుస్తకంగా వేయాలి. పనిలో పనిగా నేను నాలుగు రోజులు తిరిగి, చూసినదాన్ని కూడా అందులో చేర్చాలి. కంపెనీ రొయ్యలకు మేత తయారుచేస్తుంది. ఆ ప్రాంతపు మంచినీటి చెరువుల్లోకి ఉప్పు ఊరేది చాలావరకు పక్కనున్న రొయ్యల చెరువుల నుంచే. ఈ రెండు సంగతులూ ఒకే వాక్యంలో పెట్టవద్దని ఈ పని నడిపే ప్రొఫెసర్ గారు మొదట్లోనే సలహా ఇచ్చారు. నేను పెట్టలేదు, చూశారుగా, రెండు వాక్యాలుగానే రాశాను.

శుక్రవారం, తెనాలి

రైలు దిగి టిఫిన్ చేద్దామని ఒక చిన్న హోటల్లోకి వెళ్లాను. ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు, చట్నీలు మూడు రకాలు. ఏ ఊరండి మీది అని యజమాని అడిగాడు. చెప్పాను. అక్కడ నీళ్లుండవంట కదండి అని నా వంక జాలిగా చూసి, అడక్కుండానే అల్లం చట్నీ మళ్లీ వేశాడు. అల్లం చట్నీ దాహం తీరుస్తుందని ఆయన నమ్మకం కాబోలు.

ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పారుతున్నాయి. జనం వాటి వంక కన్నెత్తి చూడకుండా బండ్ల మీద వంతెనలు దాటిపోతున్నారు. మా ఊళ్లో వాటిలో ఒక్కటి పారినా టికెట్టు పెట్టి చూపించేవాళ్లం. నేను వంతెన మీద అరగంట నిలబడితే, ఏదైనా పడిపోయిందా బాబాయ్ గారూ అని ఇద్దరు ఆగి అడిగారు. కాలువలో నీళ్లు చూస్తున్నానని చెప్పలేక, ఏమీ లేదన్నాను.

మధ్యాహ్నం ఒక హోటలు హాల్లో సభ. దీపం వెలిగించారు, పూలగుత్తులు ఇచ్చారు, చెరువుల్ని కాపాడడం గురించి రెండున్నర గంటలు మాట్లాడారు. ప్రతి కుర్చీ ముందూ అర లీటరు ప్లాస్టిక్ సీసా ఉంది. కంపెనీ మేనేజరు నలభై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. ఆయన ఒక్కడే సూటిగా పని సంగతి చెప్పాడు. ఇరవై ఊళ్ల నీళ్లను పరీక్ష చేయించారు. నీళ్లు మరీ పాడైన పది ఊళ్లలో చెరువు అడుగున మందపాటి ప్లాస్టిక్ పరదా పరిచి, ఉప్పు ఊట లోపలికి రాకుండా చుట్టూ కాలువ తవ్విస్తారు. ఆ పది పేర్లూ సోమవారం రేపల్లె సభలో ప్రకటిస్తారు. నీళ్లు బాగున్న ఊళ్లకు ఏ పనీ అక్కర్లేదు కాబట్టి వాటికి చప్పట్లు.

అన్నిటికంటే స్వచ్ఛమైన నీళ్లు రేపల్లె అవతల సముద్రం వైపున్న ఒక ఊళ్లో దొరికాయట. ఆ ఊరి అసలు పేరు రాయనని మాటిచ్చాను, మొగలివారిపాలెం అనుకుందాం. ఆ ఊరిని ఆదర్శ గ్రామంగా పుస్తకంలో మొదటి పేజీలో వేయాలని, నేను ఆదివారం వెళ్లి చూసి రాయాలని చెప్పారు. సాయంత్రం బెల్లం జిలేబీ పావు కిలో కొనుక్కుని లాడ్జికి చేరాను. అక్కడే కూర్చుని ఆ పేజీ సగం రాసేశాను. ఊరు చూడకుండా ఊరి గురించి రాయడం అనువాదకులకు అలవాటే.

శనివారం ఉదయం, చుండూరు దాటాక

బాపట్లకు కారులో తీసుకెళుతూ, కాలువ గట్టు మీద నా ఫోటో ఒకటి కావాలని ప్రొఫెసర్ గారు కారు ఆపి దించారు. నీళ్లను పరిశీలిస్తున్నట్టు వంగమన్నారు. వంగాను. ఎడమకాలి చెప్పు జారి కాలువలో పడి, నాకంటే హుషారుగా బాపట్ల దారి పట్టింది.

పక్క మడిలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. వాళ్లలో ఒకావిడ చీర కుచ్చెళ్లు బిగించి, గట్టు వెంట నడిచి, పొడుగాటి కర్రతో చెప్పుని ఒడ్డుకు లాగింది. డబ్బివ్వబోతే చెప్పుకి డబ్బులేంటండీ అని నవ్వింది. గట్టు మీద వాళ్ల అన్నం క్యారియర్ల పక్కన నీళ్ల సీసాలు వరసగా ఉన్నాయి. కాలువ పక్కనే ఉంది కదా, ఇవెందుకని అడిగాను. కాలువ నీళ్లు మడికీ గేదెలకీ అండి, మనుషులకి ప్లాంటు నీళ్లు అంది. మా వైపు మడికీ మనిషికీ గేదెకీ కలిపి ఒకటే బోరు, అది కూడా ఉంటే.

అదే రోజు, బాపట్ల

నీళ్లు పరీక్షించిన ల్యాబులో నసీమా అనే అమ్మాయి పరిచయమైంది. ప్రొఫెసర్ గారి దగ్గర పరిశోధన చేస్తోంది. ఒప్పందంలో విశ్వవిద్యాలయం చేయాల్సిన పనులు ఏడు పేజీలున్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఈ అమ్మాయి చేస్తోంది. ఇరవై ఊళ్ల పట్టిక నాకు చూపించి, మొగలివారిపాలెం దగ్గర వేలు పెట్టి ఆపింది.

"సార్, ఈ నీళ్లలో ఉప్పు దాదాపు లేదు. సముద్రానికి అంత దగ్గర, చుట్టూ రొయ్యల చెరువులు. ఎలా కుదురుతుందండి ఇది?"

ప్రొఫెసర్ గారిని అడిగావా అన్నాను. అడిగిందట. మంచి ఫలితం వచ్చినప్పుడు అనుమానించకూడదమ్మా అన్నారట. శాంపిళ్లు నువ్వే తీశావా అంటే తీయలేదంది. అది గ్రామస్తుల భాగస్వామ్యంతో చేయాలని ఒప్పందంలో ఉంది. అందుకని వ్యాను ఒక రోజు వెళ్లి, ప్రతి ఊళ్లో నీళ్లు వదిలే మనిషికి రెండు ఖాళీ సీసాలిచ్చి వచ్చింది. మర్నాడు వెళ్లి నిండు సీసాలు తెచ్చుకుంది. ఈ భాగస్వామ్యం గురించి నేను ఒక పేరా నిండా పొగిడి అనువాదం చేసి ఉన్నాను.

భోజనానికి వాళ్లింటికి తీసుకెళ్లింది. వాళ్ల నాన్న టైలరు. ఇంట్లో వాళ్లలో వాళ్లు ఉర్దూ, నాతో తెలుగు. రొయ్యల వేపుడు, పప్పుచారు, పెరుగు. మీ కంపెనీ మేత తిన్న రొయ్యలే అంకుల్ అని నసీమా చెల్లెలు నవ్వింది. నేను కూర్చోగానే వాళ్ల నాన్న ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను ఒకటి మోసుకొచ్చి, నా కళ్ల ముందే మూత సీలు తెంచి, గ్లాసులోకి వంచారు. లోపల సగం ఖాళీ అయిన టిన్ను ఇంకొకటి కనబడుతూనే ఉంది. అదుందిగా, కొత్తది ఎందుకండీ అన్నాను. చుట్టం వచ్చినప్పుడు సీలు ఆయన ముందే తీయాలండి అన్నారు. బాగుంది పద్ధతి అనుకుని రొయ్యల మీద పడ్డాను. ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే మర్నాడు అంత తెల్లబోయేవాణ్ణి కాదు.

సాయంత్రం, సూర్యలంక

క్షేత్ర పర్యటన అని కాగితంలో రాసి ఉంటే ఏదో చెరువు దగ్గరికనుకున్నాను. సూర్యలంక బీచికి తీసుకెళ్లారు. శనివారం కాబట్టి గుంటూరు, తెనాలి జనంతో ఇసుక కనబడడం లేదు. మంచినీటిని కాపాడుకుందాం అన్న బ్యానరు పట్టుకుని పదకొండు మందిమి సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాం. వెనక ఆ సముద్రం ఎందుకండీ అని మేనేజరు గొణిగాడు. నీలంగా బాగా పడుతుందని ఫోటోగ్రాఫరు చెప్పాడు. వేయించిన చేప ప్లేటు నూట యాభై. అమ్మే ఆవిడ బ్యానరు చదివి, ఇక్కడ కాపాడేదేముందండీ, అంతా ఉప్పేగా అంది. ఆ రోజు నేను విన్న మాటల్లో పరిశోధనకు దగ్గరగా ఉన్నది అదొక్కటే.

ఆదివారం, మొగలివారిపాలెం

నసీమా కూడా వస్తానంది. రేపల్లె దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారి పొడుగునా రెండు పక్కలా రొయ్యల చెరువులే. వాటిలో రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్లని చిలుకుతూ గిరగిరా తిరుగుతున్నాయి. వాటి మధ్యలో నాలుగు గట్లు కట్టిన ఆకుపచ్చటి గుంట ఊరి మంచినీటి చెరువు. పక్కనే ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని కింద పంపు గది.

పంపు గది దగ్గర నాంచారమ్మ ఎదురుచూస్తోంది. పొద్దునా సాయంత్రం ఊరికి నీళ్లు వదిలేది ఆవిడే. యాభై ఏళ్లుంటాయి. మేం వస్తామని తెలిసి ముగ్గు వేసి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించింది. స్టీలు గ్లాసుల్లో నీళ్లిచ్చింది. తియ్యగా, చల్లగా ఉన్నాయి. పట్టిక నిజమేనేమో అనిపించి, నేను రాసిన సగం పేజీ మీద నాకే గౌరవం పుట్టింది.

నసీమా మాత్రం సంచిలోంచి పెన్నులాంటి పరికరం తీసింది. ఉప్పు ఎంతుందో చెప్పే పరికరం అది. తన గ్లాసులో ముంచి చూసింది. తర్వాత లేచి వెళ్లి పంపు గది కుళాయి కింద పెట్టి చూసింది. వెనక్కి వచ్చి, రెండు అంకెలూ చేతి మీద రాసి నాకు చూపించింది. రెండూ ఒక ఊరి నీళ్లు కావు.

సీసాల్లో ఏ నీళ్లు పోశారమ్మా అని నేనడిగాను. నాంచారమ్మ ఏమీ దాచలేదు. గర్వంగానే చెప్పింది. ఆ రెండు సీసాలనీ చింతపండు పెట్టి తోమి, మూడుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టిందట. రేపల్లె ప్లాంటు నుంచి తన డబ్బుతో టిన్ను తెప్పించి, సీలు తీసి, వాటిలో పోసిందట.

"చదువుకున్నోళ్లు అంత దూరం నుంచొచ్చి మన ఊరి నీళ్లు కావాలని అడిగారు. వాళ్ల చేతిలో ఈ ఉప్పు నీళ్లు పెడతామా అన్నయ్య గారూ? పెళ్లిచూపులకొచ్చినోళ్ల ముందు చిరిగిన దుప్పటి పరుస్తామా?"

మా అనంతపురంలో అయితే ఇలా ఎన్నటికీ జరగదు. నీళ్ల గురించి అడిగే నాథుడు వస్తే చాలు, ఊళ్లో ఉన్న వాటిలోకెల్లా ముతక నీళ్లు వెతికి పట్టి, నమ్మకం కుదరడానికి గుప్పెడు మట్టి కూడా కలిపి ఇస్తాం. కష్టం చూపించుకోవడం మాకు పరువు తక్కువ కాదు, అదొక్కటే మా దగ్గర పుష్కలంగా ఉంది. నీళ్ల మధ్యలో పుట్టినవాళ్లకు నీళ్లు చెడిపోయాయని చెప్పుకోవడం ఇంట్లో దొంగ ఉన్నాడని చెప్పుకున్నంత కష్టమని నాకు ఆ రోజు తెలిసింది.

నసీమా ఆవిడ పక్కన కింద కూర్చుని, మెల్లగా విషయం చెప్పింది. నీళ్లు పాడైన ఊళ్లకే చెరువు పని చేయిస్తారు. ఈ ఊరి నీళ్లు ఇరవై ఊళ్లలోకీ మంచివని రాసుకున్నారు. రేపు జాబితా చదువుతారు, అందులో ఈ ఊరు ఉండదు. మళ్లీ జాబితా ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. నాంచారమ్మ చేతిలో ఖాళీ గ్లాసుని అటూ ఇటూ తిప్పుతూ వింది. ఈ నీళ్లతో పప్పు ఉడకదని, పాలు పోస్తే విరిగిపోతాయని, టిన్ను కొనలేని ఇళ్లవాళ్లు ఇవే తాగుతున్నారని, వాళ్ల పిల్లలు అన్నం దగ్గర నీళ్లకు ఏడుస్తారని అప్పుడు చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేలలేదు. సీసాలు ఇచ్చి వెళ్లిపోయినవాళ్ల మీదా, దాన్ని భాగస్వామ్యం అని పొగిడిన నా మీదా సమానంగా వచ్చిందనుకుంటాను.

నసీమా ప్రొఫెసర్ గారికి ఫోను చేసింది. ఆయన చాలాసేపు ఆలోచించి, కొత్త శాంపిలు తీసుకోవచ్చన్నారు. అయితే మొదటి ఫలితం తప్పని తను చెబితే తన పరిశోధన తప్పవుతుందట. కాబట్టి మొదట ఇచ్చినవి చెరువు నీళ్లు కావని ఊరివాళ్లే రాసివ్వాలి. దాన్ని సభలో అందరి ముందూ చదవాలి.

నాంచారమ్మ నీళ్లు వదిలే వేళయిందని లేచి వెళ్లి వాల్వు తిప్పింది. ఊళ్లో కుళాయిల దగ్గర బిందెల చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఆగిపోయేదాకా అక్కడే నిలబడింది. తిరిగొచ్చి, రాయండి అన్నయ్య గారూ అని నా ఎదురుగా కూర్చుంది.

నేను అలవాటు కొద్దీ, నీటిలో లవణాల శాతం అధికంగా ఉన్నందున అని మొదలుపెట్టాను. చదివి వినిపించమంది. విని, అది నేను చెప్పింది కాదండి అంది. ముప్ఫై ఏళ్లుగా ఇతరుల మాటలు రాస్తున్నాను, చెప్పింది చెప్పినట్టు రాయమని ఎవరూ అడగలేదు. ఆ కాగితం చించి, కొత్తది తీశాను. ఆవిడ చెప్పింది ఇది:

"పెద్దలకి నాంచారమ్మ రాయించేది. మీరిచ్చిన సీసాల్లో నేను పోసినవి మా చెరువు నీళ్లు కాదు, టిన్ను నీళ్లు. మా నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ మాట మీకు చెప్పటానికి సిగ్గుపడ్డాను. తప్పు నాది, మా ఊరోళ్లది కాదు."

ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది. నసీమా కుళాయి నుంచి తన చేత్తో రెండు సీసాలు పట్టి, మూత బిగించి, ఊరి పేరు రాసింది. మీ పుస్తకంలో మాత్రం ఊరి పేరు వద్దండి అని నాంచారమ్మ నా దగ్గర మాట తీసుకుంది.

సోమవారం, రేపల్లె

సభ ఒక కల్యాణమండపంలో. ఇరవై ఊళ్ల నుంచీ నీళ్లు వదిలేవాళ్లను పిలిచారు. ఆదర్శ గ్రామం తరఫున నాంచారమ్మను పిలిచి శాలువా కప్పాలని ముందే ఏర్పాటైంది. శాలువా వేదిక మీద పళ్లెంలో ఉంది. ఆవిడ మొదటి వరసలో, పవిట కొంగు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ప్రొఫెసర్ గారు ఉత్తరాన్ని తల ఎత్తకుండా, వీలైనంత తొందరగా చదివేశారు. అయినా అందరికీ వినబడింది. నాంచారమ్మ తల వంచుకుంది. ఆ క్షణంలో ఆవిడ పక్కన కూర్చుని, ఆ ఉత్తరం రాసిపెట్టింది నేనే కదా అని నాకు భయం వేసింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. మా ఊరివి కూడా టిన్ను నీళ్లేనండి అన్నాడు. ఆయన కూర్చోకముందే ఇంకో ఆవిడ లేచింది. తర్వాత మరో ముగ్గురు. చివరాయన మాత్రం, తాము పోసినవి టిన్ను నీళ్లు కావని, పక్కూరి బావి నీళ్లని, పక్కూరివాళ్లు చాలా మంచివాళ్లని చెప్పాడు. నసీమా పట్టిక తీసి లెక్క చూసుకుంది. పట్టికలో పైనున్న ఆరు ఊళ్లూ ఇవే. ఏ ఊరి నీళ్లు మంచివో కాదు, ఏ ఊరివాళ్లకు మర్యాద ఎక్కువో ల్యాబులో అంత ఖర్చు పెట్టి తేల్చారు.

ప్రొఫెసర్ గారు ఇది కూడా ఒక ఫలితమేనని అన్నారు. మేనేజరు మాత్రం కాసేపు నవ్వాపుకోలేకపోయాడు. నవ్వాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, మా అమ్మ అయినా ఇదే చేసేదండి అన్నాడు. ఆయనదీ ఈ సముద్రపు ఒడ్డు ఊరేనట. జాబితాలో ఉన్న పది ఊళ్లనీ అలాగే ఉంచి, కొత్త శాంపిలు చేతిలో ఉంది కాబట్టి మొగలివారిపాలెం పేరుని అక్కడికక్కడే పెన్నుతో చేర్చాడు. మిగతా అయిదు ఊళ్లకూ నసీమాయే వెళ్లి తన చేత్తో నీళ్లు పట్టాలన్నాడు. తెచ్చిన శాలువాని వృథా చేయడం ఎందుకని నిజాయితీకి గాను అని ప్రకటించి నాంచారమ్మకే కప్పారు. ఇది రాస్తున్న రోజుకి చెరువుకి రెండు పక్కలా కాలువ తవ్వారని, పరదా ఇంకా రాలేదని నసీమా ఫోనులో చెప్పింది. నేను రాసిన ఆదర్శ గ్రామం పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఏ ఊరికైనా వాడుకోవచ్చు.

అదే మధ్యాహ్నం

అన్నం తినకుండా వెళ్లడానికి వీల్లేదని నాంచారమ్మ మమ్మల్ని మళ్లీ ఆటో ఎక్కించింది. ఇంట్లో కోడలు వండి ఉంచింది. మట్టగిడస చేపల పులుసు, గోంగూర పచ్చడి. వరండాలో విస్తళ్లు వేశారు. శాలువాని మడిచి పెట్టెలో పెట్టి, నాంచారమ్మ నా గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. పొద్దున కుళాయి దగ్గర పట్టి ఉంచిన బిందె మూత తీసిన చప్పుడు వినబడింది.

కోడలు గాభరాగా ఎదురెళ్లింది. టిన్ను ఉంది కదత్తా, ఆయనకి ఆ నీళ్లేంటి అని గ్లాసు లాక్కోబోయింది. నాంచారమ్మ ఇవ్వలేదు.

"ఊరి పరువంతా ఈయన చేత్తోనే రాయించాను కదే. ఇంకా ఈయన చుట్టమేంటి?"

గ్లాసు నా విస్తరి పక్కన పెట్టింది. తాగాను. ఉప్పగా, నాలుక మీద జిగురుగా ఉన్నాయి, గొంతు దిగడానికి మొరాయించాయి. అయినా అడుగు దాకా తాగి గ్లాసు కింద పెట్టాను. ఆవిడ సంతోషంగా చెంబుతో అవే నీళ్లు తెచ్చి మళ్లీ పోయబోయింది. చాలమ్మా అని గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ ఆ నీళ్లు తన గ్లాసులో పోసుకుని తాగింది.